క్రెడిట్ కార్డులో క్యాష్ లాగి గానుగ పెట్టొచ్చా? అర్ధ రూపాయే కదా తేడా

కదిరి_గానుగ
నెల రోజుల నుంచి తేల్చుకోలేకపోతున్నా. బెంగళూరులో ఏడేళ్ళు ఉద్యోగం చేసి మార్చిలో కదిరి వచ్చేశా. చుట్టూ చెనిక్కాయే పండుతుంది, మా వీధిలో మాత్రం అందరూ ప్యాకెట్ నూనే కొంటారు. కరెంటు గానుగ పెట్టాలని ఉంది. కోయంబత్తూరు డీలరు రవాణాతో కలిపి 1,85,000 చెప్పాడు. నా దగ్గర 1,40,000 ఉంది కానీ అది గింజలకు, సీసాలకు, షెడ్డు అడ్వాన్సుకు కావాలి.

రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకదాంట్లో 1,20,000, ఇంకోదాంట్లో 60,000 వరకు ఏటీఎంలో క్యాష్ తీసుకోవచ్చని యాప్‌లో చూపిస్తోంది. వడ్డీ నెలకు మూడున్నర శాతం. ఊళ్ళో అడిగితే మూడు రూపాయల వడ్డీ అంటున్నారు, పైగా ప్రోనోటు, సాక్షి సంతకాలు, ఇచ్చేవాడి వరండాలో గంటసేపు కూర్చోవడం. అర్ధ రూపాయి ఎక్కువైనా ఎవరి గడపా తొక్కక్కర్లేదు కదా అని నా ఆలోచన. ఇలా మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరికే "వద్దు" అని ఒక్క ముక్క రాసి పోకండి.

నిజాంపేట_నాని
వద్దు.

నిజాంపేట_నాని
హహ, ఆగలేకపోయా బ్రో. సీరియస్‌గా చెప్పేవాళ్ళు వస్తారు, ఉండు.

బుడ్డల_బాబాయ్
చెనిక్కాయ ఏంటి తమ్ముడూ, బుడ్డలు అనాలి. మాది నంద్యాల. నాకు రెండు గానుగలున్నాయి, అందుకే ఆగి చదివా. మధ్యాహ్నం తీరిగ్గా రాస్తా, ఇప్పుడు కరెంటు ఉంది, ఆడించుకోవాలి.

ఓరుగల్లు_పిల్ల
పల్లీలు.

లెక్కల_మాస్టారు
"అర్ధ రూపాయి" అన్నావు కదా, అక్కడే పట్టుకుందాం. ఊళ్ళో మూడు రూపాయలంటే లక్షా ఎనభై వేలకి నెలకు 5,400. పైన ఇంకేమీ లేదు. కార్డులో మూడున్నర అంటే 6,300. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, 1,134. మొత్తం 7,434. అంటే నువ్వు కట్టేది నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్ళో వాడి కంటే రూపాయి పైనే ఎక్కువ.

అది కాక డబ్బు తీసిన రోజునే ఫీజు. చాలా కార్డులకు రెండున్నర శాతం ఉంటుంది. అంటే 4,500, జీఎస్టీతో 5,310. నీ మిషను ఇంకా కోయంబత్తూరులో లారీ ఎక్కకముందే ఈ 5,310 పోయినట్టే. షాపులో కార్డు గీకితే వచ్చే నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు క్యాష్‌కు ఉండదు. ఏటీఎం నోట్లు బయటికి తోసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఇంతకీ నీ వ్యాపారం లెక్క చెప్పలేదు. గింజ కిలో ఎంత, లీటరు ఎంతకి అమ్ముతావు?

కదిరి_గానుగ
జీఎస్టీ సంగతి నిజంగా తెలియదు మాస్టారూ. గానుగ లెక్క ఇది:
రెండున్నర కిలోల గింజకు లీటరు నూనె. గింజ కిలో 120 చొప్పున 300. చెక్క ఒక కిలో నాలుగు వందల గ్రాములు వస్తుంది, పశువులకు అమ్మితే 50 దాకా తిరిగొస్తుంది. సీసా, లేబులు, కరెంటు 30. అంటే లీటరుకు 280 పడుతుంది. 380కి అమ్ముతా. వంద మిగులు. మొదటి నెలల్లో 150 లీటర్లు పోతాయనుకుంటున్నా. షెడ్డు అద్దె 6,000.

లెక్కల_మాస్టారు
చక్కగా రాశావు, ఇక నీ అంకెలతోనే చెబుతా. 7,434 వడ్డీ కట్టాలంటే, లీటరుకు వంద మిగులు చొప్పున, నెలకు దాదాపు 75 లీటర్లు బ్యాంకు కోసమే ఆడించాలి. రోజుకు రెండున్నర లీటర్లు. నువ్వు అమ్మే 150లో సగం.

మిగతా సగంలోంచి అద్దె 6,000. చేతికి 1,500 చిల్లర. అసలు రూపాయి తగ్గలేదు. పోనీ మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, అదే కడతానంటావా? అది ఐదు శాతం అనుకుంటే మొదటి బిల్లుకే 9,600 దాటుతుంది. అద్దె పోను నీకు మిగిలేది 9,000. మొదటి నెలే 600 తక్కువ.

పద్మజ_పచ్చళ్ళు
మాస్టారి లెక్కలో ఇంకోటి లేదు. ఆ అబ్బాయి జీతం. గింజలు ఎండబెట్టి, ఏరి, గానుగ దగ్గర నిలబడి, నూనె తేర్చి, సీసాల్లో పోసి, డెలివరీకి బండేసుకుని తిరిగే మనిషి ఉచితంగా వస్తాడా? తెనాలిలో పచ్చళ్ళు మొదలుపెట్టినప్పుడు నేనూ ఇదే తప్పు చేశా. రెండేళ్ళు లాభం వస్తోందనుకున్నాను. నాకు నేను నెలకు పది వేలు జీతం రాసుకుని చూస్తే నష్టం!

కార్డు_కాలినోడు
నా కథ వింటే చాలు. 2019 దసరాకి ఒంగోల్లో మొబైల్ యాక్సెసరీస్ షాపు పెట్టా. ఇంటీరియర్‌కి 90,000 కార్డు నుంచి క్యాష్ తీశా. నాలుగు నెలలు బాగానే నడిచింది, మినిమం కడుతూ వచ్చా. 2020 మార్చిలో లాక్‌డౌన్. షట్టరు దించేశా. ఆర్బీఐ మారటోరియం అని టీవీలో చెప్పారు, మూడు నెలలు, తర్వాత ఆగస్టు దాకా. నేనేమో "కట్టక్కర్లేదట" అని హాయిగా పడుకున్నా. వాయిదా అడగరు గానీ వడ్డీ ఆగదని అర్థం కాలేదు. తర్వాత చక్రవడ్డీ తేడా ప్రభుత్వం కొంత వేసింది, అది సముద్రంలో కాకిరెట్ట.

2021లో బ్యాలెన్సు లక్షన్నర దగ్గరికి పోయింది. రోజుకు పదిహేను ఫోన్లు. మా మామగారికి కూడా చేశారు. చివరికి 70,000కి సెటిల్‌మెంట్ అన్నారు, మహాప్రసాదం అనుకుని మా అక్క దగ్గర తీసుకుని కట్టేశా. అయిపోయిందనుకున్నా. పోయినేడాది ఇంటి లోనుకి వెళ్తే, సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర కాగితంలో, "సెటిల్డ్" అని ఉంది, "క్లోజ్డ్" అని లేదు. ఆ ఒక్క మాటకి లోను ఇవ్వలేదు. ఇప్పుడు మిగతా డబ్బు కడతాను, ఆ మాట మార్చండి అని వాళ్ళ చుట్టూ తిరుగుతున్నా.

నిజాంపేట_నాని
అన్నా, పేరు ఇప్పుడర్థమైంది.

స్వైప్_సుబ్బు
ఏటీఎంలో ఎందుకు తీయడం? స్వైపింగ్ షాపుకెళ్తే నూటికి రెండు రూపాయలు కట్ చేసుకుని క్యాష్ ఇస్తాడు. కొన్నట్టే పడుతుంది కాబట్టి 45 రోజులు వడ్డీ లేదు. డ్యూ డేటుకి వాడే బిల్లు కట్టి మళ్ళీ గీకుతాడు. మా ఫ్రెండ్స్ అందరూ రొటేషన్ మీదే నడుపుతున్నారు.

పాత_క్యాషియర్
ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి దిగాను. సుబ్బూ, నీ ఫ్రెండ్స్ నడపట్లేదు, పరిగెడుతున్నారు. నెలకు రెండు రూపాయలు చొప్పున రొటేషనే ఏడాదికి ఇరవై నాలుగు. ఒక్క నెల ఆ షాపువాడు ఊరెళ్తే? బిల్లు మొత్తం ఆ రోజే మీద పడుతుంది. ఏ సరుకూ కొనకుండా గీకడం కార్డు షరతులకే విరుద్ధం. ఒకే షాపులో, ఒకే తేదీకి, లిమిట్‌కి ఐదొందలు తక్కువగా గీకుతుంటే కంప్యూటరు పసిగడుతుంది. కార్డు ఆపేస్తారు. కార్డు ఆగిన రోజు రొటేషన్ కూడా ఆగుతుంది.

ఇంకోటి. ఏడాదిలో కార్డు బిల్లులు పది లక్షలు దాటి కడితే ఆ సమాచారం ఆదాయపన్ను శాఖకు వెళ్తుంది. నగదుగా కడితే లక్ష దాటితే చాలు. నెలకు లక్ష తిప్పితే ఏడాదికి పన్నెండు లక్షలు. జీతం మూడు లక్షలు చూపించి బిల్లు పన్నెండు లక్షలు కట్టావు ఎలా అని అడిగితే సుబ్బు ఏం చెబుతాడో వినాలని ఉంది.

స్వైప్_సుబ్బు
సార్ భయపెట్టేస్తున్నారు.

కేటరింగ్_శ్రీను
అందరూ ఒకే వైపు లాగుతున్నారు. నేను రెండో వైపు చెప్తా. నాది సిద్దిపేటలో కేటరింగ్. పోయిన మాఘమాసంలో శుక్రవారం రాత్రి ఒక పెళ్ళి ఆర్డరు వచ్చింది, ముందు ఒప్పుకున్న వంటవాళ్ళు హ్యాండిచ్చారట. ఆదివారం పొద్దున 400 మందికి. కిరాణా, కూరగాయలు రేపే కొనాలి. చేతిలో డబ్బు లేదు. కార్డు నుంచి 40,000 తీశా. ఫీజు జీఎస్టీతో 1,180. తొమ్మిదో రోజు పెళ్ళివాళ్ళు ఇచ్చారు, అదే రోజు కట్టేశా. వడ్డీ దగ్గర దగ్గర 500. మొత్తం 1,700 అనుకో. నాకు మిగిలింది 22,000. ఇందులో తప్పేముంది?

పాత_క్యాషియర్
తప్పేం లేదు శ్రీనూ. నీ చేతిలో ఆర్డరుంది, డబ్బు ఏ రోజు వస్తుందో తెలుసు. తొమ్మిది రోజుల గండం దాటడానికి వాడావు. కదిరి అబ్బాయి కొనేది మిషను. దాని డబ్బు తిరిగి రావాలంటే రెండేళ్ళు. రెండేళ్ళ ఖర్చుని తొమ్మిది రోజుల అప్పుతో మోయకూడదు.

కేటరింగ్_శ్రీను
ఒప్పుకుంటా. కానీ "ముట్టుకోనే కూడదు" అన్నట్టు రాస్తున్నారు, అది నచ్చలేదు. మా లాంటోళ్ళకి రాత్రి పదింటికి ఇంకెవడిస్తాడు?

వన్‌టౌన్_వెంకట్
రాత్రి పదింటికి ఇచ్చేవాళ్ళు బెజవాడలో ఉన్నారు, తెల్లారి ఆరింటికే అడుగుతారు. 2015 డిసెంబరులో కాల్ మనీ గొడవ బయటపడినప్పుడు మా వీధిలో ఎంతమంది తలుపులేసుకున్నారో నాకు తెలుసు. నా మాట: కార్డు అయినా, డైలీ ఫైనాన్స్ అయినా ఒక తానులో ముక్కలే. డైలీ ఫైనాన్స్ వాడు పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. "వెయ్యే కదా వడ్డీ" అనిపిస్తుంది. రోజూ కడుతూ పోతావు కాబట్టి సగటున నీ దగ్గరున్నది నాలుగున్నర వేలే. దానికి మూడు నెలల్లో వెయ్యి. ఏడాదికి లెక్కేస్తే ఎనభై శాతం దాకా పోతుంది. మాస్టారు సరిచూడాలి.

లెక్కల_మాస్టారు
సరిగ్గానే ఉంది. ఎనభై దగ్గరే.

డాలస్_దత్తు
ఇక్కడ అమెరికాలో దీనికే సూటు వేసి మర్చంట్ క్యాష్ అడ్వాన్స్ అని పేరు పెట్టారు. వడ్డీ శాతం అని చెప్పరు, "ఫ్యాక్టర్ 1.3" అంటారు. పదివేల డాలర్లు ఇచ్చి పదమూడు వేలు రాబడతారు, రోజూ నీ కార్డు అమ్మకాల్లోంచో బ్యాంకు ఖాతాలోంచో కోసుకుంటారు. ఇర్వింగ్‌లో నాకు తెలిసిన ఇడ్లీ హోటల్ ఇలాగే పోయింది. మొదటిది తీర్చడానికి రెండోది తీసుకున్నాడు.

ఓరుగల్లు_పిల్ల
మా దగ్గర క్యూఆర్ స్టిక్కరు అంటించి వెళ్ళినవాళ్ళే ఇప్పుడు "మీకు 50,000 లోన్ రెడీ" అని మెసేజ్ పెడుతున్నారు. రోజూ వచ్చే కలెక్షన్‌లోంచి కట్ అవుతుంది. మా నాన్న బేకరీకి తీసుకున్నాడు. అమ్మకం లేని రోజు కూడా కట్ అవడంతో పొద్దున మైదా కొనడానికి డబ్బుల్లేవు. అప్పట్నుంచి స్కాన్ చేయొద్దు, నోట్లివ్వండి అని బోర్డు పెట్టాడు, హహ.

పద్మజ_పచ్చళ్ళు
బంగారం పెట్టొచ్చు కదా? నేను మొదలుపెట్టింది గాజుల మీదే. ఏడాదికి పది శాతం అనుకున్నా 1,80,000కి నెలకు 1,500. మాస్టారి భాషలో చెప్పాలంటే 75 లీటర్లు కాదు, 15 లీటర్లు.

కదిరి_గానుగ
అక్కా, మా ఆవిడ గొలుసు అడగాలంటే నోరు రావట్లేదు. ఉద్యోగం మానేసి వచ్చిందే ఆమెకు ఇష్టం లేదు. గొలుసు కూడా అడిగితే ఇంక మాటలుండవు.

పద్మజ_పచ్చళ్ళు
ఆమెకి చెప్పకుండా నాలుగు రూపాయల వడ్డీకి తేవొచ్చు, చెప్పి పది శాతానికి తేలేవా? బిల్లు ఇంటికే వస్తుంది తమ్ముడూ. ఆమెకు ఎప్పుడు తెలియాలో నువ్వే ఎంచుకో.

నిజాంపేట_నాని
అక్క నిప్పు.

పాత_క్యాషియర్
ముద్ర సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? చిన్న వ్యాపారాలకు బ్యాంకు లోన్లిచ్చే పథకం, 2015 ఏప్రిల్‌లో మొదలైంది. 50,000 దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్. నీది కిశోర్‌లోకి వస్తుంది. తాకట్టు అడగకూడదు. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, చేయించుకో, ఆన్‌లైన్లో ఉచితం, ఎవడికీ రూపాయి ఇవ్వకు.

నీ పనికి ఇంకా దగ్గరిది చిన్న ఆహారశుద్ధి యూనిట్ల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. 2020లో వచ్చింది. బ్యాంకు లోనుతో ముడిపెట్టి 35 శాతం సబ్సిడీ. 1,85,000 మీద అది 64,750. నీ వాటా పది శాతం పెట్టుకుంటే సరిపోతుంది. జిల్లాకు రిసోర్స్ పర్సన్ అని ఒకాయన ఉంటాడు, ప్రాజెక్టు రిపోర్టు రాయడంలో సాయం చేస్తాడు. ఆయనకు డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది, నువ్వు కాదు. మీ జిల్లాలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో వెళ్ళి కనుక్కో.

ఒక మెలిక. సబ్సిడీ లోను మీద వస్తుంది. నువ్వు కార్డు డబ్బుతో మిషను కొనేసి, బిల్లు పట్టుకుని వెళ్తే "కొనేశావుగా, ఇంక లోను దేనికి?" అంటారు. అంటే కార్డు గీకిన రోజున వడ్డీతో పాటు ఈ అరవై నాలుగు వేలు కూడా వదులుకుంటున్నావు.

కార్డు_కాలినోడు
ముద్ర ముద్ర అంటారు గానీ సార్, నన్ను మూడుసార్లు తిప్పారు. ఒకసారి మేనేజరు లేడు, ఒకసారి ఫీల్డ్ ఆఫీసరు లేడు, మూడోసారి "టార్గెట్ అయిపోయింది" అన్నారు. తాకట్టు అడగకూడదు నిజమే, అడగరు కూడా. "ఎల్‌ఐసీ బాండు ఏమన్నా ఉందా" అని మాత్రం అంటారు.

పాత_క్యాషియర్
కాదనను. కౌంటరుకి ఈ వైపు ఉన్నప్పుడు నేనూ కొందరిని తిప్పి ఉంటాను. కొటేషను, ఆరు నెలల స్టేట్‌మెంటు, అద్దె ఒప్పందం మూడూ ఒకే ఫైల్లో పెట్టుకుని వచ్చినవాణ్ణి తిప్పడం కష్టం. నోటి మాటతో వచ్చినవాణ్ణి తేలిక.

కదిరి_గానుగ
ఇంక దాచడం అనవసరం. ఈ పోస్టు పెట్టిన ముందు రోజే డీలరు "ఈ నెలాఖరుకి రేటు పెరుగుతుంది" అంటే కార్డు నుంచి 20,000 లాగి అడ్వాన్సు పంపేశా. తిట్టకండి.

నిజాంపేట_నాని
తిట్టను. కాసేపు గోడ వైపు చూస్తా.

లెక్కల_మాస్టారు
ఒకేసారి తీశావా, రెండుసార్లా?

కదిరి_గానుగ
పదివేలు చొప్పున రెండుసార్లు. ఆ ఏటీఎంలో పదివేలకు మించి రాలేదు. రెండు సార్లూ 590 పడింది అని మెసేజ్ వచ్చింది. రెండున్నర శాతమైతే 250 కదా అని నాకూ అనుమానమే.

లెక్కల_మాస్టారు
అదే నా అనుమానం. ఫీజు రెండున్నర శాతమో లేదా 500 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. పదివేలకు 250 వస్తుంది, కాబట్టి 500 వేశారు, జీఎస్టీ 90. అంటే నీకు పడింది ఐదు శాతం ఫీజు. నీ 1,80,000 మొత్తం ఇలా పదివేల చొప్పున లాగి ఉంటే ఫీజే 18 సార్లు 590, మొత్తం 10,620. నేను మొదట చెప్పిన 5,310కి సరిగ్గా రెట్టింపు.

పాత_క్యాషియర్
బాబూ, బిల్లు వచ్చేదాకా ఆగకు. బిల్లు తేదీకి, ఈ వడ్డీకి సంబంధం లేదు, రోజు లెక్కన పడుతుంది. నీ 1,40,000లోంచి ఇవాళే కట్టెయ్. 20,000 మాత్రమే కడితే ఫీజూ వడ్డీ మిగిలిపోయి మళ్ళీ వాటి మీద వడ్డీ. 21,300 వెయ్. ఇంకో సంగతి, పాత బాకీ కొంచెం మిగిలినా ఆ కార్డుతో కొత్తగా కొన్న సరుకుకి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. సీసాలు ఆ కార్డు మీదే కొందామనుకుని ఉంటావు.

కదిరి_గానుగ
అనుకున్నా సార్. ఇప్పుడే కట్టేశా. 21,300.

కార్డు_కాలినోడు
నాకు 2019లో ఈ చర్చ ఎక్కడుంది?

డాలస్_దత్తు
వడ్డీకి పైపరిమితి ఏమీ లేదా ఇండియాలో? ఎక్కడో 30 శాతం అని చదివిన గుర్తు.

పాత_క్యాషియర్
ఉండేది. 30 శాతం దాటితే అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. బ్యాంకులు పై కోర్టుకు వెళ్ళాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి 42 శాతం అయినా కాగితం మీద రాసి నీ సంతకం ఉంటే అంతే.

బుడ్డల_బాబాయ్
మధ్యాహ్నం అని చెప్పి రెండు రోజులైంది. ఇంతసేపూ అందరూ అప్పు గురించే మాట్లాడారు, గానుగ గురించి ఎవడూ మాట్లాడలేదు. నేను మాట్లాడతా.

తమ్ముడూ, మిషను సమస్య కాదు. గింజ సమస్య. మంచి గింజ కోతల టైములో కొని నిలవ చేసుకోవాలి, తర్వాత రేటు పెరుగుతుంది. దానికి డబ్బు కావాలి. ఆడించిన నూనె ఆ రోజే అమ్మలేవు, మూడు నాలుగు రోజులు కదపకుండా పెడితే మడ్డి కిందికి దిగి పైన తేట వస్తుంది. షాపుల్లో పెడితే నెలకు గానీ డబ్బివ్వరు. నీ డబ్బు కొంత బస్తాల్లో, కొంత డ్రమ్ముల్లో, కొంత షాపుల్లో ఉంటుంది. నీ జేబులో ఉండదు. కార్డు వాడికి మాత్రం ప్రతి నెలా కావాలి.

అందుకని నేను మొదటి ఏడాది ఒక్క సీసా అమ్మలేదు. ఆడించి ఇచ్చా, అంతే. రైతులు వాళ్ళ బుడ్డలు వాళ్ళే ఒలిచి తెచ్చుకుంటారు, కిలోకి పదిహేను రూపాయలు ఆడింపు కూలి. చెక్క కొందరు తీసుకెళ్తారు, కొందరు వదిలేస్తారు. గింజ కొనక్కర్లేదు, సీసా కొనక్కర్లేదు, అప్పు ఇవ్వక్కర్లేదు. పైగా నూనె వాళ్ళ కళ్ళ ముందే కారుతుంది కాబట్టి కల్తీ అనే మాటే రాదు. సంక్రాంతికి ముందు మా షెడ్డు ముందు రాత్రి పదకొండు దాకా క్యాన్లు వరస కట్టి ఉంటాయి. కదిరిలో ఇంట్లో బుడ్డలు లేనివాళ్ళు ఎవరు?

రెండోది, కొత్త మిషను ఎందుకు? కరోనా టైములో గానుగ నూనె పిచ్చి పట్టి ఊరూరా పెట్టారు, సగం మంది ఎత్తేశారు. సెకండ్ హ్యాండ్ సగం ధరకే దొరుకుతుంది. చూసేటప్పుడు రోలు చెక్క దిరిసెనదా కాదా అడుగు, పగుళ్ళలో గోరు పెట్టి చూడు. రోకలి కింది భాగం అరిగి ఉంటే మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, నీ గింజలు పది కిలోలు తీసుకెళ్ళి నీ ముందే ఆడించమను. నాలుగు లీటర్లకు దగ్గరగా రాకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్. నేను ఇలా చూడకుండా కొన్న మొదటి మిషను ఇప్పటికీ మా పెరట్లో ఉంది, కోళ్ళు పడుకుంటాయి.

ఓరుగల్లు_పిల్ల
బాబాయ్ పోస్టు మా నాన్నకి చదివి వినిపించా. బేకరీ మానేసి గానుగ పెడతానంటున్నాడు. మీరే బాధ్యులు.

బుడ్డల_బాబాయ్
మీ నాన్నకి ముందు పల్లీలు కావు, బుడ్డలు అని చెప్పు.

పద్మజ_పచ్చళ్ళు
తర్వాత సీసాల్లో అమ్మేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు లేకుండా లేబులు వేయకు తమ్ముడూ. మా పక్క వీధిలో ఒకాయనకి మొత్తం సరుకు ఆపేశారు. గొలుసు సంగతి ఏమైంది?

(మూడు వారాల తర్వాత)

కదిరి_గానుగ
అప్‌డేట్. హిందూపురంలో ఒకాయన రెండేళ్ళు వాడి పక్కన పెట్టిన గానుగ ఉందన్నారు. పది కిలోలు తీసుకెళ్ళా. మూడు లీటర్ల ఎనిమిది వందలు వచ్చింది. రోకలి అరిగిందని చూపించి 95,000కి ఒప్పించా. నా సొంత డబ్బే. కోయంబత్తూరు డీలరు అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు, వారం రోజులు ఫోన్ చేస్తే 12,000 వేశాడు, మిగతాదానికి కొత్త రోకలి, వడపోత గుడ్డలు పంపాడు. రోకలి సైజు కొంచెం పెద్దది, వడ్రంగి చెక్కుతున్నాడు.

బాబాయ్ చెప్పినట్టు ఆడింపు కూలి మాత్రమే. మొదటి వారం 140 కిలోలు వచ్చాయి, అందులో యాభై మా బంధువులవే, వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవాలా వద్దా అని ఇంట్లో గొడవ. రిసోర్స్ పర్సన్‌ని కలిశా, ఫిల్టరు, సీసాలు నింపే మిషను కోసం ఫైలు పెడదాం అన్నాడు. బ్యాంకులో ఇంకా ఒకసారే తిప్పారు. గొలుసు అడగలేదు అక్కా, కానీ కార్డు సంగతి మొత్తం చెప్పేశా. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రెండు కార్డులూ తీసుకుని బీరువాలో పెట్టింది.

కార్డు బిల్లు కూడా వచ్చింది. ఫీజు 1,000, మూడు రోజుల వడ్డీ 69, జీఎస్టీ 192 రూపాయల 42 పైసలు. నేను 21,300 కట్టా కాబట్టి 38 రూపాయల 58 పైసలు నాకే బ్యాంకు బాకీ అని చూపిస్తోంది.

పాత_క్యాషియర్
అది అలాగే ఉంచు. వచ్చే బిల్లులో తగ్గుతుంది.

నిజాంపేట_నాని
ఊరికే ఎందుకు ఉంచడం సార్? మూడున్నర శాతం చొప్పున నెలకు రూపాయి ముప్పై ఐదు పైసలు వడ్డీ అడగమనండి. జీఎస్టీ అదనం.